నేల మీంచి బెంచీ మీదికి

శంషాబాద్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో ఈ నాలుగైదేళ్ళుగా ఒక కొత్త సామాను కనిపిస్తోంది. వాషింగ్ మెషీన్ పక్కనో, బాల్కనీలో తులసి కుండీ వెనకో, నల్ల రెగ్జిన్ తొడుక్కున్న ఒక బల్ల. వీపు భాగం ఎత్తితే కుర్చీ, దించితే మంచం. పిల్లలు దాన్ని అడ్జస్టబుల్ బెంచ్ అంటారు. ఇంట్లో మాత్రం అది వట్టి బెంచీయే. కసరత్తు అయిపోయాక దాని మీద ఉతికిన బట్టలు పెట్టుకునే ఇళ్ళు కూడా నాకు తెలుసు.

మా అబ్బాయి అది కావాలన్నప్పుడు మా వారు "ఎంతట?" అని అడిగారు. నాకు మాత్రం వేరే సందేహం వచ్చింది. మన తెలుగునాట బలశాలులకు ఎప్పుడూ కొదవ లేదు. వాళ్ళెవరూ పడుకుని బరువులెత్తినట్టు నేను చదవలేదు. మరి ఈ బల్ల ఎక్కడినుంచి వచ్చింది? ఎందుకు వచ్చింది? వస్తువు పుట్టుక తెలిస్తే దాన్ని ఎలా కొనాలో, ఎలా వాడాలో సగం అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే ఈ వ్యాసం.

మనకు దొరికే పాత సాక్ష్యాల్లో అందమైనది శ్రీకృష్ణదేవరాయలది. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన రాయల దినచర్యను, 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి దాదాపు 400 మిల్లీలీటర్ల నువ్వుల నూనె తాగేవాడట. ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, మట్టితో చేసిన పెద్ద బరువులు చేతుల్లోకి తీసుకుని ఎత్తేవాడట. తరవాత కత్తి పట్టి, తాగిన నూనె అంతా చెమటగా కారేదాకా సాధన. ఆపైన తన మల్లుల్లో ఒకడితో కుస్తీ. చివరికి గుర్రమెక్కి మైదానంలో స్వారీ. ఇదంతా పొద్దు పొడవకముందే. ఆముక్తమాల్యద రాసిన చేతులు ఉదయాన్నే మట్టి బరువులు మోసేవని తెలిశాక ఆ కావ్యం మీద నాకు గౌరవం ఇంకొంచెం పెరిగింది.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. రాయల వ్యాయామమంతా నిలబడి, కదులుతూ, ఇంకొక మనిషితో కలిసి. మన పల్లెల్లోనూ అంతే. సంక్రాంతికి, జాతరలకు సంగిడి రాళ్ళు ఎత్తే పోటీలు పెట్టేవారు. గుండ్రటి రాతిని నేల మీంచి మోకాళ్ళకు, అక్కడినుంచి రొమ్ముకు, భుజానికి తెచ్చి వెనక్కి వదలడం. చుట్టూ ఊరంతా నిలబడి ఉండేది. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, గదలు తిప్పడం, గోదాలో మట్టి తవ్వి కుస్తీ. దండీ తీసేవాడికి కావలసింది తన ఒళ్ళు, నేల, అంతే.

హైదరాబాద్ సంగతి చెప్పనక్కర్లేదు. శంషాబాద్ నుంచి ఆరాంఘర్ మీదుగా చాంద్రాయణగుట్ట వైపు వెళ్తే బార్కస్ వస్తుంది. నిజాం కాలంలో అరబ్బు సైనికుల బారకాసులు ఉన్న చోటు, ఆ బారకాసులే జనం నోట్లో బార్కస్ అయ్యాయి. ఇప్పటికీ ఆ పేటకు పహిల్వాన్ల పేరు ఉంది. ధూల్‌పేట, బేగంబజారు వైపు తాలీములదీ అదే పేరు. అక్కడ గురువును ఉస్తాద్ అంటారు. ఉస్తాద్ కళ్ళెదుట తప్ప శిష్యుడు బరువు ముట్టుకునేవాడు కాదు.

మన బలశాలుల్లో అందరికీ తెలిసిన పేరు కోడి రామమూర్తి నాయుడు. 1880ల మొదట్లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, వ్యాయామం నేర్పే మాస్టారై, తరవాత సొంత సర్కస్ పెట్టి దేశాలు తిరిగిన మనిషి. ఒంటికి చుట్టిన ఇనప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, రెండు కార్లను రెండు చేతులతో ఆపడం ఆయన ప్రదర్శనల్లో భాగాలు. లండన్‌లో ఐదవ జార్జి ఎదుట కూడా ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు. 1942లో కన్నుమూశారు. ఆయన పేరు చెప్పగానే మా నాన్నగారి తరం వాళ్ళకు గుర్తొచ్చేది మాత్రం ఏనుగు. ఆయన వెల్లకిలా పడుకుంటే రొమ్ము మీద చెక్క పలక వేసి, దాని మీదికి ఏనుగును ఎక్కించేవారు. మన చరిత్రలో పడుకుని బరువు మోసిన పెద్దమనిషి అంటే నాకు ఆయనే తోస్తారు. అక్కడ కూడా వీపు కింద ఉన్నది నేలే. పలక ఉన్నది పైన.

ఆ రోజుల్లోనే యూరప్ నుంచి ఇంకో గాలి వీచింది. జర్మనీలో పుట్టి ఇంగ్లండ్‌లో పేరు తెచ్చుకున్న యూజెన్ శాండో 1904-05లో మన దేశంలో పర్యటించాడు. డంబెల్‌తో ఇంట్లోనే ఒంటరిగా, అద్దం ముందు నిలబడి ఒళ్ళు పెంచుకోవచ్చని ప్రచారం చేసింది ఆయన తరమే. ఆయన పేరు మన ఇళ్ళల్లో ఎంత లోతుగా దిగిందంటే, చేతుల్లేని బనీనును ఇప్పటికీ శాండో బనీను అనే అడుగుతాం. బట్టల కొట్లో ఆ మాట అనేవాళ్ళలో ఎంతమందికి అది ఒక మనిషి పేరని తెలుసో!

ఇక పడుకుని ఎత్తే పద్ధతి. ఇది కూడా ఆ కాలం యూరప్‌లోనే రూపు దిద్దుకుంది. అయితే మొదట్లో బెంచీ లేదు. నేల మీద వెల్లకిలా పడుకుని, తల వెనకనుంచి రాడ్డును రొమ్ము మీదికి తెచ్చుకుని పైకి నెట్టేవారు. ఎస్టోనియాలో పుట్టిన మల్లుడు జార్జ్ హాకెన్‌ష్మిట్ 1890ల చివర్లో ఇలా 361 పౌన్లు, అంటే సుమారు 164 కిలోలు నెట్టాడు. ఆ రికార్డు చాలా ఏళ్ళు నిలిచింది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఇప్పుడు పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. అటువంటి ప్లేట్లు తొడిగిన రాడ్డు నేల మీద ఉంటే, రాడ్డుకూ నేలకూ మధ్య సుమారు 21 సెంటీమీటర్ల ఖాళీ ఉంటుంది. నేల మీద పడుకున్నవాడి చేతులు జారినా ప్లేట్లు ముందు నేలను తాకుతాయి. గొంతు మీద పూర్తి బరువు పడదు. అంటే నేలే కాపలా కాసేది.

నేల మీద పడుకుంటే ఒక ఇబ్బంది ఉంది. మోచేతులు నేలకు తగిలి కిందికి దిగవు, రొమ్ము కండరం పూర్తిగా సాగదు. అందుకని పెట్టెల మీద, బల్లల మీద పడుకోవడం మొదలైంది. 1930లు, 40ల్లో అమెరికాలో బెంచీ స్థిరపడింది. 1950ల్లో కెనడాకు చెందిన డగ్ హెప్‌బర్న్ 500 పౌన్లు, అంటే దాదాపు 227 కిలోలు, బెంచీ మీద ఎత్తి దానికి పేరు తెచ్చాడు. 1972లో ఒలింపిక్స్ వెయిట్ లిఫ్టింగ్ నుంచి నిలబడి నెట్టే ప్రెస్‌ను తీసేశారు. అదే ఏడాది పవర్‌లిఫ్టింగ్‌కు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. దాని మూడు అంశాల్లో బెంచ్ ప్రెస్ ఒకటి. అప్పటినుంచి ఎంత బలం ఉందని అడగాలంటే బెంచ్ ఎంత కొడతావని అడగడం అలవాటైంది.

ఈ మార్పులో పోయిందేమిటో ఆలోచించండి. బెంచీ మనిషిని నేల మీంచి అడుగున్నర ఎత్తుకు లేపింది. మోచేతులకు చోటు దొరికింది, నేల కాపలా పోయింది. ఇప్పుడు రాడ్డు జారితే ఆపేది ఏదీ లేదు. రొమ్ము మీదో, మెడ మీదో పడుతుంది. అందుకే పోటీల్లో రాడ్డుకు రెండు పక్కలా మనుషుల్ని నిలబెడతారు. మంచి జిమ్‌లో ఇనప అడ్డపట్టీలు ఉంటాయి. ఇంటికి తెచ్చుకున్నప్పుడు మనం బెంచీ ఒక్కటే తెచ్చుకుంటున్నాం, ఆ మనుషుల్ని, ఆ పట్టీలను తెచ్చుకోవడం లేదు. నాకు ఈ చరిత్రంతా చదివాక భయం వేసింది ఇక్కడే. మా అబ్బాయి అడిగింది తన గదిలో, ఉదయం 5 గంటలకు, తలుపేసుకుని చేసుకుంటానని.

మన తెలుగు లిఫ్టర్లకు ఈ బెంచీతో పెద్దగా పనిలేదన్నది ఇంకో విశేషం. దండమూడి రాజగోపాలరావు గారిని నర్తనశాల సినిమాలో భీముడిగా చూసే ఉంటారు. ఆయన అసలు వెయిట్ లిఫ్టర్. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన కాలంలో పోటీల్లో మూడు అంశాలు, మూడూ నిలబడి ఎత్తేవే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ రెండు అంశాలూ నేల మీంచి తల పైకి ఎత్తేవే. అసలు మహిళలకు ఒలింపిక్స్‌లో వెయిట్ లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. ఆ వార్త చూసిన మా వీధి ఆడవాళ్ళు "అమ్మో, ఆడపిల్ల!" అన్న మాట నాకు బాగా గుర్తు.

మరి బెంచీ మీద పడుకుని దేశానికి పతకాలు తెచ్చినవాళ్ళు ఎవరు? దివ్యాంగ క్రీడాకారులు. 1964 టోక్యో పారాలింపిక్స్‌లో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళ కోసం పడుకుని ఎత్తే పోటీ మొదలైంది. కాళ్ళ బలం లేకపోయినా చేతుల బలాన్ని పూర్తిగా చూపగలిగే పద్ధతి అది. అక్కడి బెంచీ కూడా వేరు. 2 మీటర్లు దాటిన పొడవు, కాళ్ళు కూడా పైనే చాపుకునేంత వెడల్పు. పోలియోతో కాళ్ళు దెబ్బతిన్న రాజీందర్ సింగ్ రహేలూ 2004 ఏథెన్స్‌లో కాంస్యం తెచ్చాడు. 2022 బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో సుధీర్ స్వర్ణం గెలిచాడు. పారాలింపిక్స్‌లో మహిళలకు ఈ పోటీ పెట్టింది కూడా 2000లో, సిడ్నీలోనే. బెంచీ అంటే అద్దం ముందు కండలు చూసుకునే కుర్రాళ్ళ సామానని నాకున్న చిన్నచూపు ఇది చదివాక పోయింది.

ఇప్పుడు శంషాబాద్ దగ్గరికి వద్దాం. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు ఇటు మళ్ళాయి. సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వచ్చింది. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే తెరిచారు. సాతంరాయి, తొండుపల్లి, రాళ్ళగూడ వైపు పొలాలుండేవి. ఆ పొలాల్లో పనిచేసినవాళ్ళకు బెంచీ అవసరం లేదు. బస్తా ఎత్తడమే వాళ్ళ వ్యాయామం. ఇప్పుడు అదే నేల మీద అపార్ట్‌మెంట్లు, అందులో షిఫ్టు ఉద్యోగాలు. మా బ్లాకులో ఒకరు రాత్రి 10కి డ్యూటీకి వెళ్తే, ఇంకొకరు తెల్లవారుజామున 3కి కార్గో నుంచి వస్తారు. వాళ్ళు లేచే వేళకు జిమ్ మూసి ఉంటుంది. అందుకే బెంచీ ఇంటికొచ్చింది. శాండో చెప్పిన ఒంటరి వ్యాయామం నూరేళ్ళ తరవాత మన బాల్కనీలో స్థిరపడింది.

ఇంటికి రాక తప్పదు కనక, ఎలాంటిది తెచ్చుకోవాలో చెబుతాను. పోటీ బెంచీకి పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య పెట్టిన కొలతలు మనకూ పనికొస్తాయి. పొడవు 122 సెంటీమీటర్లకు తగ్గకూడదు, వెడల్పు 29 నుంచి 32, నేల నుంచి ఎత్తు 42 నుంచి 45. వెడల్పు తక్కువైతే భుజపుటెముకలకు ఆనిక ఉండదు, ఎక్కువైతే మోచేతులు దిగవు. ఎత్తు ముఖ్యంగా ఆడవాళ్ళు చూసుకోవాలి. పడుకున్నప్పుడు పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. ఐదడుగుల మనిషికి 45 దాటిన బెంచీ మీద మడమలు గాల్లో ఉంటాయి. అలా ఉంటే రెండు పాదాల కింద కదలని చెక్క పలకలు వేసుకోవాలి.

తరవాత మోసే బరువు. అట్టపెట్టె మీద 200 కిలోలని రాసి ఉంటే అది ఎత్తే బరువు ఒక్కటే కాదు, మనిషితో కలిపి. 72 కిలోల కుర్రాడు రెండు చేతుల్లో కలిపి 40 కిలోలు పట్టుకుంటే 112 అయింది. వీపు పలక ఏటవాలుగా నిలబెట్టినప్పుడు మోసేది ఒకే ఒక పిన్ను కాబట్టి, చెప్పిన అంకెలో సగానికి కొంచెం అటూ ఇటూ దగ్గరే ఆగడం మంచిది. కొట్లో ఉంటే ఒకసారి దాని మీద పడుకుని పక్కలకు ఊగి చూడండి. కిర్రుమన్నా, ఊగినా వద్దు. వీపు పలకనూ కూర్చునే పలకనూ సమానంగా పరిచినప్పుడు మధ్యలో సందు ఎంతుందో చూడండి. నాలుగు వేళ్ళు పట్టే సందు ఉంటే నడుము అందులోకి దిగిపోతుంది. పిన్ను రంధ్రంలోకి పూర్తిగా దిగే రకమా, మెట్ల మీద ఆనుకునే రకమా అన్నది కూడా చూడాలి. మెట్ల రకం తొందరగా మార్చుకోవచ్చు, కాని పలక ఎత్తి మెట్టు సరిగ్గా కూర్చుందో లేదో చేత్తో నొక్కి చూశాకే పడుకోవాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ మడత దగ్గర వేళ్ళు నలుగుతాయి, వాడనప్పుడు గోడకు తిప్పి పెట్టండి.

వాడకానికి వస్తే, వాలు మారిస్తే పని మారుతుంది. సమానంగా ఉంటే రొమ్ము అంతా, 30 డిగ్రీల దగ్గర రొమ్ము పైభాగం, 45 దాటాక భుజాలు ఎక్కువ మోస్తాయి. దాదాపు నిటారుగా పెట్టి వీపు ఆనించుకుంటే భుజాల కసరత్తు. నాలాంటి వాళ్ళకు బాగా నచ్చేది ఇంకొకటి. 45 డిగ్రీల వాలు మీద బోర్లా రొమ్ము ఆనించి, వేలాడే చేతులతో డంబెళ్ళను పక్కటెముకల దాకా లాగడం. నడుముకు భారం లేకుండా వీపు గట్టిపడుతుంది. రోజంతా కూరగాయలు తరుగుతూ వంగిన భుజాలకు ఇది మంచి మందు. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, బిగబట్టకూడదు. కోడి రామమూర్తి గారి ఊపిరి మనది కాదు. బీపీ ఉన్నవాళ్ళు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

నలభై దాటిన ఆడవాళ్ళకు ఎముకల కోసం బరువులు మంచివని అందరూ అంటున్నారు. నిజమే. 2018లో ఆస్ట్రేలియాలో వెలువడిన ఒక అధ్యయనంలో, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది మెనోపాజ్ దాటిన స్త్రీలలో ఒక జట్టు చేత 8 నెలలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున పెద్ద బరువులు ఎత్తించారు. వాళ్ళ నడుము ఎముకలు గట్టిపడ్డాయి. అయితే అందులో చేయించినవి నేల మీంచి ఎత్తడం, బస్కీ, తల పైకి నెట్టడం వంటివి. పక్కన శిక్షకులు ఉండి చేయించారు. బెంచీ ఒక్కటి కొంటే చాలదని, లేచి నిలబడి ఎత్తేవి కూడా ఉండాలని దీని సారం. మన పాత పద్ధతే మళ్ళీ.

ఇక అసలు మాట, ఆ పోయిన కాపలాను తిరిగి పెట్టుకోవడం. ఒంటరిగా చేసేవాళ్ళు బెంచీ మీద రాడ్డు వద్దు, డంబెళ్ళు చాలు. చెయ్యి అలిసిపోతే డంబెల్ పక్కకు దిగుతుంది, మెడ మీద కూర్చోదు. అందుకే కింద మందపాటి రబ్బరు మ్యాట్ ఉండాలి, లేకపోతే టైల్సూ పోతాయి, కింది ఫ్లాటు వాళ్ళ నిద్రా పోతుంది. రాడ్డే కావాలంటే రొమ్ముకు కొంచెం పైన ఆగే ఇనప అడ్డపట్టీలున్న స్టాండు కొనాలి. బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పి పట్టుకోవాలి, నాలుగు వేళ్ళ మీద ఆనించకూడదు.

తెలుగులో సంగడి అంటే జత, స్నేహం. సంగడికాడు అంటే పక్కన ఉండేవాడు. ఊళ్ళో ఎత్తే రాయి సంగిడి. ఈ రెండు మాటలూ పక్కపక్కన వినిపించడం నాకు ఎంతో బాగుంటుంది. తాలింఖానాలో ఉస్తాద్, రచ్చబండ దగ్గర ఊరు, పోటీలో ఇద్దరు కాపలాదార్లు. బరువు దగ్గర ఎప్పుడూ ఇంకో మనిషి ఉన్నాడు. మా ఇంట్లో బెంచీ హాల్లో ఉంది, గదిలో కాదు. డంబెళ్ళు ఎవరి ఇష్టం వాళ్ళది. రాడ్డు ఎక్కించిన రోజు మాత్రం ఇంట్లో ఇంకొకరు మేలుకుని ఉండాలి, వాళ్ళు ఆ గదిలోనే ఉండాలి. ఉదయం 5 గంటలకైతే ఆ ఇంకొకరు సాధారణంగా నేనే. ఎలాగూ పాలు కాచడానికి లేస్తాను కదా.